మా ఊళ్ళో విదేశీయులు ఎవరూ లేరు

మా అత్తకు కోపం వస్తే నేను బర్మాదాన్ని. కోపం లేనప్పుడు ఏమీ కాదు, ఎందుకంటే కోపం లేనప్పుడు ఆమె నన్ను పిలిచేది కాదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే బర్మా. గేదె పాలు చేపకపోతే బర్మా. మా పెద్దవాడు లెక్కల్లో తప్పితే అది వాళ్ళమ్మ ఓడలో తెచ్చిన తెలివి. వానలు పడకపోవడం కూడా నా ఖాతాలోనే వేసేదేమో కానీ, పల్నాడులో వానలు పడకపోవడం నేను రాకముందు నుంచీ ఉన్నదే అని ఊరంతటికీ తెలుసు.

ఆమె అబద్ధమేమీ ఆడలేదు. నేను పుట్టింది బర్మాలోనే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో రంగూను వెళ్ళి బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. అమ్మ అక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. అక్కడి ప్రభుత్వం మనవాళ్ళను పొమ్మన్ననాటికి అమ్మ లేదు. నాన్న నన్ను తీసుకుని ఓడ ఎక్కాడు. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది వాంతులు మాత్రమే. ఈ దేశంలో దిగాక నాన్న తన కాగితాలు తాను శుభ్రంగా చేయించుకున్నాడు. నావి చేయించలేదు. పిల్లలు సామానుతో పాటు వచ్చినట్టే లెక్క అనుకున్నాడు.

సాగర్ కుడికాలువ పనుల్లో నాన్నకు తాపీపని దొరికింది. మాచర్ల దగ్గర క్యాంపులో ఉండేవాళ్ళం. నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీగా ఉన్న ఒకాయన ఆయనకు స్నేహితుడయ్యాడు. ఆ ఇద్దరూ ఏ సాయంత్రం ఏమనుకున్నారో తెలియదు కానీ, నేను ఆ మేస్త్రీ ఇంటికి కోడలినై గురజాల వైపు ఒక ఊరికి వచ్చాను. పెళ్ళికి అందరూ ఒప్పుకున్నారు, మా అత్త తప్ప. "ఓడ దిగొచ్చిన పిల్లకి ముందూ ఎనకా ఎవురున్నారో యాడికి పోయి కనుక్కోవాల?" అనేది ఆమె ప్రశ్న. మా మామ దగ్గర దానికి జవాబు లేదు కాబట్టి వెళ్ళి ముహూర్తం పెట్టించుకొచ్చాడు.

కొన్నేళ్ళకు నాన్న పోయాడు, ఆ వెనకే మామ పోయాడు. మా ఆయనకు వాళ్ళ నాన్న మేస్త్రీ పని వచ్చింది, నాకు వాళ్ళమ్మ వచ్చింది. ఇద్దరు పిల్లలు, కౌలుకు కొంచెం మిరప. నేను బర్మాలో పుట్టానని ఊళ్ళో పిల్లాజెల్లా అందరికీ తెలుసు, ఎవరికీ పట్టలేదు. ఓటర్ల లిస్టులో నా పేరు కూడా ఉండేది. అది మేమే రాయించామని ఊళ్ళో ఉన్న రెండు పార్టీలవాళ్ళూ చెప్పుకునేవారు.

మండలాలు వచ్చిన కొత్తలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. మా ఆయన ఎవరి వెనక తిరిగేవాడో ఆ పార్టీవాళ్ళు నన్ను నిలబెడదామన్నారు. నన్ను అడగలేదు. మా ఆయన్ని అడిగారు. ఆయన వాళ్ళమ్మను అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, "గెలిస్తే బోరింగు మన గుమ్మం ముందు ఏయించుకోవచ్చా?" అని అడిగింది. వేయించుకోవచ్చన్నారు. సరే నిలబడమంది.

అవతలి పార్టీకి ఒక పెద్దాయన ఉండేవాడు. తెల్ల మీసాలు, చేతికర్ర, ఊళ్ళో అందరికీ మామయ్య, నాకు కూడా మామయ్యే. నామినేషన్లు చూసేరోజు ఆయన లేచి, ఈ అభ్యర్థి ఈ దేశపు మనిషి కాదని కాగితం రాసిచ్చాడు. అధికారి నన్ను ఎక్కడ పుట్టావమ్మా అని అడిగాడు. రంగూనులో అన్నాను. అబద్ధం చెప్పాలని నాకెవరూ ముందుగా చెప్పలేదు. నామినేషన్ కొట్టేశారు. బయటికి వచ్చాక ఆ పెద్దాయనే నన్ను ఆపి, "మనసులో పెట్టుకోబాక అమ్మాయ్, ఎలక్షనన్నాక ఇయ్యన్నీ ఉంటయ్" అన్నాడు. నేను మనసులో పెట్టుకోలేదు. బోరింగు పోయినందుకు మా అత్త మాత్రం చాలా రోజులు పెట్టుకుంది.

అంతటితో పోతే బాగుండేది. కానీ ఆ అభ్యంతరం కాగితం ఎవరూ తోలకుండానే ఒక్కో ఆఫీసూ దాటుకుంటూ పైకి పోయింది. మిరపనారు పోసే రోజుల్లో గుంటూరు నుంచి నాకు తాఖీదు వచ్చింది. విదేశీయురాలివైన నువ్వు ఏ అనుమతితో ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నావో చూపించు, చూపించలేకపోతే ఇచ్చిన గడువులోగా దేశం విడిచి వెళ్ళు అని దాని సారాంశం. మా ఆయన దాన్ని నిదానంగా చదివి మడిచి, "నిన్ను పొమ్మంటన్నారే" అన్నాడు. సినిమా ఏ ఊళ్ళో ఆడుతోందో చెప్పినట్టు చెప్పాడు. ఆయన అంతే. లోపల ఎంత ఉడుకుతుంటే పైకి అంత చల్లగా ఉంటాడు. ఆ పూట అన్నం తినలేదు.

నేను భయపడ్డాను. పొమ్మంటే ఎక్కడికి పోవాలి? ఆ దేశంలో నాకు మిగిలింది మా అమ్మ సమాధి, అదెక్కడుందో నాకు తెలియదు. వాళ్ళ భాషలో నాకు వచ్చింది అంకెలు, అవీ పది దాకానే. నా కూతురు నా కొంగు వేలికి చుట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. ఆ పిల్లను వదిలి, పది దాకా లెక్కపెట్టుకుంటూ నేను రంగూనులో ఏం చేయాలో ఆ తాఖీదులో రాయలేదు.

పేటలో, అంటే నరసరావుపేటలో, మా ఆయనకు తెలిసిన ప్లీడరు ఉన్నాడు. ఎర్రబస్సెక్కి వెళ్ళాం. ప్లీడరు తాఖీదు చదివి, కంగారు పడాల్సిందేమీ లేదన్నాడు. ఈ దేశపు పౌరుణ్ణి పెళ్ళి చేసుకున్నాను కనుక, ఆయన భార్యగా శాశ్వతంగా ఇక్కడే ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చట.

"నువ్వు ఈ దేశపు పౌరుడివేగా?" అని మా ఆయన్ని అడిగాడు.

"ఈ దేశమేందండీ, నేను గురజాల దాటి పుట్టలేదు."

"రుజువు?"

"మా అమ్మ చూసింది గదండీ."

ప్లీడరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత మా పెళ్ళి ఫోటో అడిగాడు. ఉన్నది ఒక్కటే. అందులో పందిట్లో ఉన్నవాళ్ళందరూ కనిపిస్తారు, నా ముఖం తప్ప. మా కాలంలో పెళ్ళికూతురు తల ఎత్తితే మర్నాటికి ఊరంతా చెప్పుకునేవారు. ఈ వంచుకున్న తల నీదేనా అని ప్లీడరు అడిగాడు. నాదేనన్నాను. అదీ జతపరిచాడు.

చివరికి ఒక మాట చెప్పాడు. "దరఖాస్తు మీద పోలీసు విచారణ ఉంటుంది. ఊళ్ళోకి వచ్చి అడుగుతారు. ఈమె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరిని చేసుకుంది, కాపురం చేస్తోందా లేదా అని. ఊళ్ళోవాళ్ళు ఉన్నదున్నట్టు చెబితే చాలు."

ఉన్నదున్నట్టు చెప్పడం మా ఊరికి అలవాటు లేని పని అని ప్లీడరుకు తెలియదు. మా ఆయనకు తెలుసు, కానీ తట్టలేదు.

మా వైపు పోలీసు ఏది అడిగినా జవాబు ముందే తయారుగా ఉంటుంది. నిన్న ఇక్కడ కొట్టుకున్నారా? లేదు. మరి ఈ నెత్తురేంది? కోడిది. ఫలానా ఆయన ఇల్లెక్కడ? తెలియదు. నువ్వే కదయ్యా ఫలానా ఆయనవి? అట్టా అంటారండీ. ఇది పుట్టుకతో వచ్చేది, ఎవరూ నేర్పరు. ఊళ్ళో ఎన్ని తగాదాలైనా ఉండనీ, ఖాకీ బట్ట కనిపిస్తే రెండు పార్టీలూ ఒకే పార్టీ.

విచారణకు హెడ్ కానిస్టేబుల్ వచ్చిన రోజున నేనూ మా ఆయనా ఇంట్లో లేము. నేను చేలో ఉన్నాను, ఆయన క్వారీలో ఉన్నాడు. జరిగింది మాకు సాయంత్రం తెలిసింది, ఒకరి తర్వాత ఒకరు వచ్చి గొప్పగా చెప్పుకుంటే తెలిసింది.

హెడ్డు టీకొట్టు దగ్గర సైకిల్ దిగి, "ఈ ఊళ్ళో బర్మా ఆడమనిషి ఉందంటగా?" అని అడిగాడట. టీకొట్టాయన గ్లాసు కడుగుతూ, "బర్మా ఈడ యాడుందయ్యా, అది సముద్రం అవతల గదా" అన్నాడట. పక్కన కూర్చున్నవాళ్ళు ఆ మాటే ఖాయం చేశారు. నాపరాళ్ళ లోడు వేస్తున్న కూలీలు అలాంటి పేరే వినలేదన్నారు. ఇక హెడ్డు అభ్యంతరం రాసిచ్చిన పెద్దాయన అరుగు దగ్గరికే వెళ్ళాడు. ఆయన చేతికర్ర పక్కన పెట్టి, "ఎవుడు జెప్పాడయ్యా? ఆ అమ్మాయి మన మేస్త్రీ కోడలు. మా కళ్ళముందు పుట్టి పెరిగిన పిల్ల" అన్నాడట. మరి మీరే కదా రాసిచ్చారు అంటే, "నాకు చదువు తక్కువ, ఎవురో రాసిందానిమీద ఏలిముద్రేశా" అన్నాడట. ఆయన పాతకాలం ఎస్సెల్సీ పాసైన మనిషి.

చివరికి హెడ్డు మా ఇంటికి వచ్చాడు. మా అత్త మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. నీ కోడలు ఎక్కడ పుట్టిందమ్మా అంటే, "యాడ పుట్టేదేంది? ఈ ఇంట్లోనే, నా చేతులమీద పుట్టింది" అంది. అత్త చేతులమీద కోడలు పుట్టడమేమిటో హెడ్డుకు తట్టలేదో, తట్టినా ఎండలో ఎందుకులే అనుకున్నాడో, అలాగే రాసుకుని ఆమె చేత వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు.

"నీ జోలికి రానిచ్చామా ఎవుడ్నన్నా?" అని ఆ సాయంత్రం అందరూ నన్ను అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. సంతోషంతో అనుకున్నారు. సంతోషం కూడా ఉంది, కాదనను.

ఆ తర్వాత పేట వెళ్ళినప్పుడు ప్లీడరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. మా దరఖాస్తు తిరిగొచ్చింది. విచారించగా ఆ గ్రామంలో విదేశీయులు ఎవరూ లేరని తేలింది కనుక, విదేశీయురాలి దరఖాస్తు పరిశీలించే అవసరం లేదట.

"మంచిదే గదండీ" అన్నాడు మా ఆయన.

"మంచిదేమిటయ్యా? ఆ వెళ్ళిపొమ్మన్న తాఖీదు వేరే సీటులో ఉంది. అది అట్లాగే ఉంది. ఒక సీటు ఈమె లేనేలేదంటోంది. ఇంకో సీటు ఈమెను పొమ్మంటోంది."

"లేని మనిషి ఎట్టా పోద్దండీ?"

"అది వాళ్ళు చూసుకుంటారు." ప్లీడరు నా వైపు తిరిగాడు. "చూడమ్మా, నువ్వు ముందు పరాయిదానివని ఒప్పించాలి. అప్పుడే నిన్ను ఇక్కడ ఉండనిస్తారు. ఊళ్ళోవాళ్ళు ఇక్కడి ఆఫీసుకు వచ్చి మాట మార్చుకోవాలి."

అలా నేను మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, అయ్యా, నేను ఈ దేశపు దాన్ని కాదని దయచేసి చెప్పండి అని అడుక్కోవలసి వచ్చింది. ఎవరూ ఒప్పుకోలేదు. కొందరికి కోపం వచ్చింది. టీకొట్టాయన, "మేము నీకేం తక్కువ జేశామొదినా, అట్టా మాట్టాడతావు?" అన్నాడు. ఇంకొకాయన, పోలీసుకు చెప్పిన మాట మారిస్తే తన పరువేం కావాలన్నాడు. మా వైపు సాక్ష్యం ఒకసారి చెబితే చెప్పిందే. నిజం చెప్పినవాడైనా మార్చుకుంటాడేమో కానీ, అబద్ధం చెప్పినవాడు ఛస్తే మార్చుకోడు.

పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "మామయ్యా, మొదట రాసిచ్చింది మీరే కదా. ఆ మాటే మళ్ళీ చెప్పండి" అన్నాను.

"అది ఎలక్షనమ్మాయ్. ఇది కాపరం. ఊరి కోడల్ని పరాయిదని ఆఫీసులో జెప్పొచ్చానంటే నా ఇంట్లో నాకు కూడు పెట్టరు."

ఆ మాట నిజం. వాళ్ళావిడ తలుపు చాటున నిలబడి వింటోంది.

మిగిలింది మా అత్త. నిజానికి ఆమె మాటే ముఖ్యమని ప్లీడరు ముందే చెప్పాడు. ఇంటి పెద్ద, వేలిముద్ర వేసిన మనిషి. ఆమెతో ఇబ్బంది ఉంటుందని నేను అనుకోలేదు. ఇన్నేళ్ళుగా పొద్దున లేస్తే ఆ మాట తప్ప ఇంకో మాట అనని మనిషి. అదే మాట పేటకు వచ్చి ఒక్కసారి అంటే చాలు.

ఆమె వసారాలో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తొడిమలు తీస్తూ సంగతి చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"నేను రాను."

"మీరు వచ్చి చెప్పాలత్తా. నేను బర్మాలో పుట్టానని."

"నాకు దెలవదు నువ్వు యాడ పుట్టావో."

నాకు ఒళ్ళు మండింది. "పొద్దున గేదె తన్నినప్పుడు తెలిసిందిగా? నిన్న పాలు విరిగినప్పుడు తెలిసిందిగా? ఊరందరికీ వినిపించేటట్టు అంటారు, చెప్పాల్సిన చోట చెప్పమంటే నోరు రాదా?"

ఆమె చేతిలో మిరపకాయ పడేసి నా వైపు తిరిగింది. మిరప ఘాటుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఘాటుకే అని అప్పుడు అనుకున్నాను.

"ఏందే జెప్పేది? ఇది మాది గాదు, పరాయి దేశపుదని నా నోటితో నేను జెప్తే, వాళ్ళు ఊరికే ఉంటారా? సరే మీది కాదుగా అని జీపెక్కిచ్చుకోని పోతారు. నా మనవరాలు కొంగు లేంది నిద్రపోద్దా? నిన్ను నా నోటితో నేను పంపిచ్చుకుంటానా?"

నేను ఆమెకు బరువని అనుకుంటూ బతికాను. నేను పోతానేమోనని ఆమె భయపడుతోందని నాకు తట్టనే లేదు. ఆమె పడేసిన మిరపకాయ తీసి అందిస్తూ, "చెబితేనే ఉంచుతారత్తా" అన్నాను.

"నిజం జెప్తే మేలు జేసిన ఆఫీసు నేను యాడా జూళ్ళేదు" అంది, మళ్ళీ మిరపకాయ తీసుకుంది.

ఆమెను ఒప్పించింది నేను కాదు, మా ఆయనా కాదు. తాఖీదులో గడువు దగ్గరపడింది, అంతే. ఒకరోజు తెల్లవారకముందే లేచి, పెట్టెలో ఉన్న నేత చీర కట్టుకుని, "ఒరేయ్, బస్సుకి టయిం గాలా?" అని కొడుకును లేపింది. నా తప్పేమన్నా ఉంటే దారిలోనే అందామనేమో, బస్సులో నా పక్కనే కూర్చుంది. కానీ దారి పొడుగునా ఏమీ అనలేదు.

పేటలో ఆఫీసు వరండాలో చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. లోపల అధికారి ముందు మా కాగితాల కట్ట తెరిచి ఉంది. మా అత్త గడప దాటుతూ నా మణికట్టు పట్టుకుంది. సంతలో చిన్నపిల్లను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది.

"ఈమె ఎవరమ్మా నీకు?" అన్నాడు అధికారి.

"నా కోడలు."

"ఎక్కడ పుట్టింది?"

ప్లీడరు దగ్గాడు. మా ఆయన గోడమీద క్యాలెండరు చూస్తున్నాడు. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"బర్మాలో" అంది.

"మరి నీ చేతులమీద పుట్టిందని ఇక్కడ వేలిముద్ర వేశావే?"

"నా చేతులమీద పుట్టింది ఈమె పిల్లలు. ఆ హెడ్డు మజ్జిగ ధ్యాసలో పడి సరిగ్గా రాసుకోలా."

అధికారి కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "అంటే ఈమె విదేశీయురాలేనంటావు."

"నేను రోజూ అంటానే ఉండా. ఎవురన్నా ఇన్నారా?"

గుమస్తా నవ్వాడు. అధికారి నవ్వకుండా రాసుకున్నాడు. తర్వాత నన్ను చూసి, కాగితంలో ఉన్న ప్రశ్నే చదివాడు. "తిరిగి స్వదేశం వెళ్ళే ఉద్దేశం ఏమైనా ఉందా?"

నేను నోరు తెరిచేలోపు మా అత్త అందుకుంది. "యాడికి పోద్దయ్యా? కాయలన్నీ కళ్ళంలో ఉంటే. మీరడిగింది నేను జెప్పా. ఇప్పుడు ఉండమని మీరు రాయండి. రాసిందాకా నేను ఈణ్ణించి కదల్ను."

అప్పటికప్పుడు రాయడం కుదరదని, పైకి పంపిస్తామని ఆమెకు నచ్చజెప్పడానికి అధికారికి, గుమస్తాకి, ప్లీడరుకు కలిసి చాలాసేపు పట్టింది. అనుమతి కాగితం మరుసటి ఏడు మిరప నాట్లప్పుడు వచ్చింది. మా ఆయన దాన్ని చదివి మడిచి, "ఉండమంటన్నారే" అన్నాడు. రెండు పూటలా అన్నం తిన్నాడు.

పేట ఆఫీసుకు వెళ్ళిన ఆ రోజు తిరుగు బస్సులో మాకు వెనక సీటు దొరికింది. మా అత్త ఇంకా నా మణికట్టు వదల్లేదు. చెమట పట్టింది, గాజులు గుచ్చుకుంటున్నాయి, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పిడుగురాళ్ళ దాటాక నాకు నిద్ర పట్టేసింది. బస్సు ఆగడం తెలియలేదు. భుజం మీద ఒక చరుపు పడితే లేచాను. మా అత్త చేతిసంచి చంకలో పెట్టుకుని మెట్టు మీద నిలబడి, బస్సులో అందరికీ వినిపించేటట్టు అరుస్తోంది.

"ఏమే బర్మాదానా, దిగు. మన ఊరొచ్చింది."

దిగాను.